ఎడమకు లాగే సైకిలు

నా చిన్నప్పుడు మా ఊరి రోడ్డు ఎవరిదని ఎవరూ అడిగేవాళ్లు కాదు. మధ్యలో ఒక లారీ పట్టేంత వెడల్పున తారు, దానికి అటూ ఇటూ కంకర కలిసిన గరుసు, గరుసు దాటితే నల్లరేగడి. లారీ వచ్చిందంటే ఎద్దులబండి గరుసులోకి దిగాలి, సైకిలూ దిగాలి, నడిచేవాళ్లు రేగడిలోకే దిగాలి. ఇది ఎవరో పెట్టిన చట్టం కాదు. పెద్దది వస్తే చిన్నది తప్పుకోవాలి, అంతే. మాది బళ్లారి పక్కనే ఉన్న కప్పగల్లు. బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసి అప్పటికి కొన్నేళ్లే అయింది. నేను బళ్లో కన్నడం చదువుకుని, ఇంటికొచ్చి తెలుగు మాట్లాడుకునే పిల్లను. వయసు తొమ్మిదో పదో ఉంటుంది. సరిగ్గా చెప్పమంటే ఇప్పుడు నావల్ల కాదు గానీ, ఆ ఏడే నా పావడాకు కింది మడత విప్పి పొడుగు చేశారని మాత్రం బాగా గుర్తు.

మా తాతయ్యకు భూమి బాగానే ఉండేది. పత్తి, శెనక్కాయలు బళ్లారి మిల్లులకు తోలడానికి ఇంకా ఎన్నాళ్లు బండ్ల వెంట తిరుగుతామని ఒక పాత లారీ కొన్నాడు. మా నాయన సేద్యం చూసుకునేవాడు కాబట్టి లారీ మా చిన్నాయన చేతికి వచ్చింది. ఊళ్లో అదొక్కటే లారీ. దానికి ఇత్తడి హారన్ ఉండేది. రబ్బరు బుర్ర నొక్కితే ఊరవతలి దాకా వినపడేది. చిన్నాయన దాన్ని చింతపండుతో తోమి తళతళలాడించేవాడు. బ్రేకు మీద కంటే హారన్ మీద ఆయనకు నమ్మకం ఎక్కువ. హారన్ కొడితే దారి దానంతటదే వస్తుందని ఆయన లెక్క. నిజంగానే వచ్చేది కూడా. అలాగని ఆయన్ని చెడ్డవాడు అనుకోకండి. బళ్లారి నుంచి వస్తూ నాకు రిబ్బన్లు తెచ్చేవాడు. ఎద్దు కాలికి ముల్లు గుచ్చుకుంటే జీతగాడికి చెప్పకుండా తానే కూర్చుని తీసేవాడు.

మా గోడకు ఆనుకునే పక్కింటి అక్క ఇల్లు. చుట్టరికం ఏమీ లేదు, పిలుపు అలా కుదిరిపోయింది. ఆమె చోరనూరు నుంచి మా ఊరికి కోడలుగా వచ్చింది. నాకు జడ వేసేది మా అమ్మ కాదు, ఆ అక్కే. అమ్మ వేస్తే మధ్యాహ్నానికే ఊడిపోయేది, అక్క వేస్తే మర్నాటికి కూడా బిగుతుగా ఉండేది. ఆమె మొగుణ్ని బావా అనేదాన్ని. వాళ్లకు బావి కింద కాస్త తోట, అందులో వంకాయలు. ఇంట్లో చూపు సరిగా ఆనని ముసలి అత్త. బావ తెల్లారుతూనే సైకిలు వెనక వంకాయల బస్తా కట్టుకుని బళ్లారిలోని బ్రూస్‌పేటకు పోయేవాడు. అక్కడి అంగళ్లలో వేసి, ఎండ ఎక్కేలోపల తిరిగొచ్చేవాడు. ఆ ఇల్లు ఆ సైకిలు మీదే నడిచేది. పోతూ పోతూ నేను అరుగు మీద కనబడితే ఆగి, బెల్లు నా చేత కొట్టించి పోయేవాడు. పొద్దున్నే నేను అరుగు మీద కూర్చునేది అందుకే.

ఆ ఏడు ఆయుధ పూజ ఎప్పటిలాగే జరిగింది. మా వైపు దసరాలో అన్నిటికంటే పెద్ద సంబరం అదే. నాగళ్లు, కొడవళ్లు, పారలు అన్నీ కడిగి బొట్లు పెట్టారు. లారీకి అరటి పిలకలు కట్టి, బంతిపూల దండలు వేసి, ఇంటి ముందర రోడ్డు మీద నిలబెట్టారు. అక్క కూడా బావ సైకిలు కడిగి, హ్యాండిల్‌కు బంతిపూలు గుచ్చిన దారం చుట్టింది. పొద్దుగూకే వేళకు మా తాతయ్య పెద్ద బూడిద గుమ్మడికాయ తీసుకుని, పైన చెక్కు కోసి, లోపల కుంకుమ నింపాడు. మీద కర్పూరం వెలిగించి, లారీకి దిష్టి తీసి, చక్రం ముందర రోడ్డు మీద పగలగొట్టాడు. అందరం చప్పట్లు కొట్టాం. బావ కూడా వచ్చి లారీకి దండం పెట్టుకుని, ప్రసాదం తీసుకుని పోయాడు.

పగిలిన కాయ అక్కడే ఉండిపోయింది. గుజ్జు, గింజలు, కుంకుమ అన్నీ తారు మీదే. దాన్ని ఎవరూ ఎత్తరు. దిష్టి తీసిన కాయను తాకకూడదు, దాటకూడదు. తాకితే లారీకి ఉన్న కీడు తాకినవాళ్లకు వస్తుందని నమ్మకం. అందుకని ఊళ్లో అందరూ చూసుకుని చుట్టూ తిరిగి నడిచేవాళ్లు. అది కుళ్లి, ఎండి, దుమ్ములో కలిసేదాకా రోడ్డు మీదే ఉండేది. అందులో తప్పుందని మాకెవరికీ తోచలేదు. ముత్తాతల నాటి నుంచీ బండ్లకు అలాగే కొట్టేవాళ్లం కదా. అయితే బండ్లకు ఇంటి ముందు మట్టిలో కొట్టేవాళ్లు, మట్టి ఆ నీళ్లు తాగేసేది. లారీ వచ్చాక తారు మీద కొట్టడం మొదలైంది. తారు దేన్నీ తాగదని పెద్దవాళ్లకు కూడా గుర్తు రాలేదు. ఆ రాత్రి సన్నగా చినుకులు పడ్డాయి.

తెల్లారితే విజయదశమి. ఆ పొద్దున మొదటి లోడు తోలితే ఏడాదంతా కలిసొస్తుందని చిన్నాయన కళ్లంలో పత్తి కుక్కిన బోరేలు ఎక్కించుకుని బయలుదేరాడు. నేను అరుగు మీద పళ్లు తోముకుంటున్నాను. బావ బస్తా కట్టుకుని వాళ్ల సందులోంచి రోడ్డెక్కాడు. వానకు గరుసు పక్కనంతా జిగురు జిగురుగా ఉంది. రేగడి ఒకసారి చక్రానికి పట్టిందంటే సైకిలు కదలదు. అందుకని ఆయన తారు అంచునే పట్టుకుని వస్తున్నాడు. పండగ బేరం, తొందరలో ఉన్నాడు, ఆ పొద్దు బెల్లు కొట్టించడానికి ఆగడేమో అనుకున్నాను. వెనక నుంచి మా లారీ వచ్చింది. సరిగ్గా బావ వీపు వెనక చిన్నాయన హారన్ కొట్టాడు.

బావ ఉలిక్కిపడి వెనక్కి చూశాడు. చూడటంతో హ్యాండిల్ ఎడమకు తిరిగింది, చక్రం గుమ్మడి గుజ్జు మీదకు ఎక్కింది. కింద నుంచి ఎవరో లాగేసినట్టు సైకిలు జారింది. బస్తా ఒక పక్క, బావ ఒక పక్క పడ్డారు. లారీ ముందు చక్రం ఆయన పక్కగా పోయింది. వెనక చక్రం అలా పోలేదు.

బస్తా మూతి ఊడి వంకాయలు మా అరుగు దాకా దొర్లుకుంటూ వచ్చాయి. నేను దిగి ఒక్కొక్కటే ఏరి పావడాలో వేసుకున్నాను. ఎందుకు ఏరానో అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. తారు మీద ఎర్రగా ఉంది. నిన్నటి కుంకుమే అనుకున్నాను. దిష్టిది తాకకూడదు కదా అని కాళ్లు జాగ్రత్తగా పక్కకు పెట్టి నడిచాను. ఎవరో వచ్చి నా రెక్క పట్టుకుని లోపలికి తోశారు. లోపల కూడా పావడా అలాగే పట్టుకుని నిలబడ్డానట. మా అవ్వ వచ్చి వేళ్లు ఒక్కొక్కటే విడదీసేదాకా వదల్లేదట. మధ్యాహ్నం ఆకలేసింది, అన్నం తిన్నాను. ఏడుపు రాలేదు. ఇది చెప్పుకోవాలంటే నాకే అదోలా ఉంటుంది, కానీ ఉన్నది ఉన్నట్టే చెప్పాలి కదా.

బావను మా లారీలోనే బళ్లారి ఆస్పత్రికి తీసుకుపోయారు. సాయంత్రం అదే లారీలో తిరిగి తెచ్చారు. లారీకి అరటి పిలకలు అలాగే కట్టి ఉన్నాయి, తీసేయాలని ఎవరికీ తోచలేదు. పక్కింట్లో ఏడుపులు మొదలయ్యాయి. అక్క గొంతు వాటిలో వినపడలేదు. గోడ మీంచి తొంగి చూస్తే స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. ఆమె కళ్లు నా మీదే ఉన్నాయి గానీ నన్ను చూడటం లేదు. నేను కూడా అలాగే చూస్తూ నిలబడ్డాను.

పోలీసులు వచ్చారు, కొలిచారు, అడిగారు, పోయారు. లారీ సైకిలును గుద్దలేదు, సైకిలు జారి మనిషే కింద పడ్డాడు, డ్రైవరు హారన్ కూడా కొట్టాడు అని తేలింది. ఊళ్లో పెద్దవాళ్లు ఇంటికి వచ్చి, వాడి రాత అంతే అన్నారు. ఒకాయన ఇంకో అడుగు ముందుకేశాడు. లారీకి రావలసిన కీడు వాడి మీద పోయింది, మీ పూజ ఫలించినట్టే అన్నాడు. ఆయన మంచి మాట చెప్పాననే అనుకున్నాడు. మా చిన్నాయన వచ్చిన వాళ్లందరికీ ఒకటే మాట చెప్పేవాడు. "హారన్ కొట్టినా గదప్పా, తిరుక్కోని చూసి వాడే జారినాడు." రోజులు గడిచే కొద్దీ ఆ మాట ఇంకా గట్టిగా చెప్పేవాడు. మా తాతయ్య మాత్రం మజ్జిగన్నం తిని కళ్లంలోకి పోయి కూర్చునేవాడు. నేనేరిన వంకాయలు మా వంటింటి మూలన గంపలో ఉండేవి. వండటానికి ఎవరికీ చేతులు రాలేదు, పారేయడానికీ రాలేదు. అవి అక్కడే ముడుచుకుపోయాయి.

ఒక సాయంత్రం తాతయ్య నన్ను కళ్లంలోకి పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. హారన్ దూరం నుంచి వినపడిందా, దగ్గర్నుంచా అని అడిగాడు. పిల్లనని పోలీసులు నన్ను ఏమీ అడగలేదు మరి. నేను బళ్లో పాఠం అప్పజెప్పినట్టు చెప్పాను. చిన్నాయన బావ వీపు వెనకనే కొట్టాడని, బావ అటు చూశాడని, అప్పుడు జారాడని. లారీ నెమ్మదించిందా అని అడిగాడు. లేదన్నాను. కాయ ఎక్కడ ఉండింది అని అడిగాడు. చెప్పాను. అక్కడ కొట్టింది ఆయనే కదా, ఆయనకు తెలియదా అనుకున్నాను. ఆయన గడ్డిపరకలు తుంచుకుంటూ కూర్చున్నాడు. పొద్దుపోయాక ఇద్దరం లేచి ఇంటికొచ్చాం.

పక్కింటి తోటలో వంకాయలు కోసే దిక్కు లేక చెట్లకే పండి పసుపెక్కుతున్నాయి. కర్మాంతరం అయ్యాక అక్కను తీసుకుపోవడానికి వాళ్ల అన్న చోరనూరు నుంచి బండి కట్టుకుని వచ్చాడు. అక్కకు పోవాలని లేదు. ఆ నారు ఆయన పోసినది, అత్తకు కండ్లు కనపడవు, నేను పోతే ఆమెకు గంజి కాచేదెవరు అని మా అవ్వతో అన్నదట. కోయడం ఆమె కోసుకోగలదు. బ్రూస్‌పేటకు ఎవరు చేరుస్తారు? మోసేవాడు లేకపోతే తోట లేదు, తోట లేకపోతే ఆ ఇల్లు లేదు. వాళ్ల అన్న కూడా అదే అన్నాడు. నాకు ఇదంతా మా అవ్వ అమ్మతో చెబుతుంటే తెలిసింది. అక్క వెళ్లిపోతే నాకు జడ ఎవరు వేస్తారు అన్నదొక్కటే తలలో తిరిగింది. అంతకంటే పెద్ద మాట ఆ బుర్రలో పట్టలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర తాతయ్య నోరు విప్పాడు. బావ సైకిలు ఆయన అప్పటికే బళ్లారి పంపి హ్యాండిల్ సరిచేయించి తెప్పించి ఉంచాడు. రేపటి నుంచి పక్కింటి వంకాయలు నువ్వే బ్రూస్‌పేటకు వెయ్యాల, సైకిలు మీదనే, అని చిన్నాయనతో అన్నాడు. చిన్నాయన కంచం ముందు నుంచి లేవబోయాడు. లారీలో వేసుకుని పోతానన్నాడు. తాతయ్య కాదన్నాడు. ఊరంతా నవ్వుతుందన్నాడు చిన్నాయన. నవ్వనీ అన్నాడు తాతయ్య. అప్పుడు చిన్నాయనకు కోపం పొంగుకొచ్చింది.

"నా తప్పు లేదని పోలీసులే చెప్పి పోయినారు గదా నాయనా."

"పోలీసులు పోయినారప్పా," అన్నాడు తాతయ్య. "మనం ఈడనే ఉండాం గదా."

మా అవ్వ రాత్రే పోయి చెప్పి వచ్చిందట, మర్నాడు పొద్దున అక్క కోసిన వంకాయల బస్తా వాళ్ల గడప బయట ఉంది. చిన్నాయన మొహం గంటు పెట్టుకుని దాన్ని సైకిలుకు కట్టుకుని పోయాడు. ఆయన కాస్త దూరం పోయాక తాతయ్య లారీ తీయించాడు. బళ్లారి నుంచి కొత్తగా పెట్టుకున్న సాయిబు డ్రైవరు తోలుతున్నాడు. తాతయ్య నన్ను చూసి, "ఆ పొద్దు చూసింది నువ్వే. రా," అని పైకి ఎక్కించుకున్నాడు. నేనెప్పుడూ లారీలో ముందు కూర్చోలేదు. ఇంకో రోజైతే ఎగిరి గంతేసేదాన్ని. ఆ రోజు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

ఊరు దాటి పత్తి చేల మధ్యకు వచ్చాక చిన్నాయన కనపడ్డాడు. తారు అంచున, బస్తా బరువుకు అటూ ఇటూ ఊగుతూ పోతున్నాడు. వెనక వచ్చే లారీ వేరే ఎవరిదో అనుకున్నట్టున్నాడు, తిరిగి చూడలేదు. పైనుంచి చూస్తే ఆయన తల, బస్తా మాత్రమే కనపడేవి. ఇంకాస్త దగ్గరికి పోయాక ఇంజను మూత అడ్డం వచ్చి సైకిలు చక్రాలు కనపడకుండా పోయాయి. ముందర రోడ్డు దాదాపు ఖాళీగా ఉన్నట్టే ఉంది. పైన కూర్చున్నవాళ్లకు కిందివాళ్లు ఇంత తక్కువ కనపడతారని నాకు అప్పుడే తెలిసింది. లారీని మనిషి నడక వేగానికి తగ్గించి, కాలు బ్రేకు మీద పెట్టుకుని హారన్ కొట్టమన్నాడు తాతయ్య.

"నక్కో, వద్దు పెద్దాయనా. మనిషి బెదిరి పడతాడు," అన్నాడు సాయిబు.

"బెదురుతాడని నీకు తెలుసు గదా. కొట్టు."

సాయిబు లారీ దాదాపు నిలిపేసి, కొట్టాడు. ముందున్న వీపు ఒక్కసారిగా ముడుచుకుపోయింది. చిన్నాయన తల వెనక్కి తిరిగింది. తిరగడంతోనే హ్యాండిల్ ఎడమకు పోయింది. సైకిలు గరుసు దాటి, రాత్రి వానకు నానిన రేగడిలోకి దిగి అక్కడే కూలబడింది. ఆయన బురదలో మోచేతుల మీద పడ్డాడు. బస్తా విప్పుకుని వంకాయలు చేనులోకి దొర్లాయి. చిన్నాయన లేచి, తిట్టడానికి నోరు తెరిచి, ఆ లారీ మాదేనని చూశాడు. అందులోంచి దిగుతున్నది వాళ్ల నాయనేనని చూశాడు.

"సంపుతావేంది నాయనా నన్ను?"

"హారన్ కొట్టినా గదప్పా," అన్నాడు మా తాతయ్య.

గట్టిగా అనలేదు. వెటకారంగానూ అనలేదు. మామూలుగా, ఎవరైనా వివరం అడిగితే చెప్పినట్టు అన్నాడు. చిన్నాయన మొహంలో కోపం అలాగే ఉంది, దాని కిందనుంచి ఇంకేదో పైకి వచ్చింది. ఆయన బురదలోనే కూర్చుండిపోయాడు. పెద్ద మగవాళ్లు ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. చప్పుడు లేకుండా భుజాలు మాత్రం కదిలాయి. సాయిబు మొహం పక్కకు తిప్పుకున్నాడు. నేను దిగి వంకాయలు ఏరి పావడాలో వేసుకోవడం మొదలుపెట్టాను. తాతయ్య కూడా పంచె ఎగ్గట్టి నాతోపాటు ఏరాడు. ఏరుతూనే, చిన్నాయన వైపు చూడకుండా చెప్పాడు. "హారన్ కొట్టినాక వాడు యాడికి పోవాలని నువ్వు చూడలే. కాయ కొట్టినాక అది యాడ పడుండాదని నేను చూడలే. ఇద్దరం కొట్టేసి మన పని మనం చూసుకున్యాం."

తర్వాత లారీ ఎక్కుతావా, సైకిలు ఎక్కుతావా అని అడిగాడు. ఎక్కమని బలవంతం ఏమీ చేయలేదు. చిన్నాయన మోచేతులు పంచెకు తుడుచుకుని, బస్తా మళ్లీ కట్టుకుని, సైకిలే ఎక్కాడు. మేం లారీని అక్కడే ఆపుకుని, ఆయన కనపడకుండా పోయేదాకా కూర్చున్నాం. తర్వాత లారీ తిప్పుకుని ఇంటికొచ్చాం.

ఎండ ఎక్కాక చిన్నాయన తిరిగొచ్చాడు. ఖాళీ బస్తా మడిచి అక్క వాళ్ల గడప మీద పెట్టి, సైకిలు గోడకు ఆనించాడు. అప్పటికి వాళ్ల అన్న బండికి ఎద్దులు కట్టి ఉంచాడు, అక్క మూట కూడా అందులో ఉంది. నేను మా వాకిట్లోంచి చూస్తున్నాను. అక్క గడపలోకి వచ్చింది. చిన్నాయన పోకుండా తలొంచుకుని నిలబడ్డాడు. ఆమె ఆయన మొహం చూడలేదు. ఆయన ఎడమ మోచేతికి ఎండిపోయిన రేగడి చూసింది.

"ఎడమకు లాగుతాది అది," అంది. "బస్తా కుడిపక్కకు జరిపి కట్టాల."

అంతే. అన్నా అని పిలవలేదు. అంతకుముందు ఆయన్ని అన్నా అనకుండా ఆమె ఎప్పుడూ పలకరించింది లేదు. కానీ తన మొగుడు ఎవరి చక్రం కింద పోయాడో, ఆ మనిషికే పడకుండా ఉండే దారి చెప్పింది. చెప్పి, బండి దగ్గరికి పోయి తన మూట దించుకుని లోపలికి పోయింది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. బావ పోయాక అదే మొదటిసారి. అమ్మ పరిగెత్తుకొచ్చి ఏమైంది, ఎక్కడ తగిలింది అని అడిగింది. ఎక్కడని చూపించను?

అక్క ఊళ్లోనే ఉండిపోయింది. తెల్లారేసరికి బస్తా గడప బయట ఉండేది, చిన్నాయన దాన్ని కుడిపక్కకు జరిపి కట్టుకుని పోయేవాడు. ఇద్దరి మధ్యా మాటలు లేవు. మొదట్లో ఊళ్లో కొందరు నవ్వారు, తర్వాత అలవాటు పడి మానేశారు. చిన్నాయన మళ్లీ లారీ నడపలేదు. నడపొద్దని తాతయ్య అనలేదు, ఈయనా తాళం అడగలేదు. ఒకసారి మాత్రం మా నాయనతో అంటుంటే విన్నాను. వెనక లారీ చప్పుడు వినపడితే వీపంతా చెవులైపోతుందని, ముందే దిగి గరుసులో నిలబడతానని. ఇంతమంది రోజూ ఇట్లనే పోతాండారా అన్నా, అని అడిగాడు.

మళ్లీ ఆయుధ పూజ వచ్చింది. ఈసారి తాతయ్య లారీని రోడ్డు మీద నిలబెట్టనివ్వలేదు, కళ్లంలోకి తోలించాడు. కాయ అక్కడి మట్టిలో కొట్టాడు. కొట్టి, అందరూ చూస్తుండగానే వంగి, ముక్కలన్నీ తన చేతులతో గంపలోకి ఎత్తి మా పెంట దిబ్బలో వేశాడు. దిష్టి ముట్టుకున్నాడని ఆడవాళ్లు నోళ్లు నొక్కుకున్నారు. ఊరి పెద్దాయన ఒకాయన, కీడును ఎవరైనా ఇంట్లో పెట్టుకుంటారా అని అడిగాడు. తాతయ్య ఆయన పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పాడు. "మన కీడు తీసి రోడ్డు మీద పారేస్తే అది యాడికి పోతాదప్పా? రోడ్డు మీద వచ్చేటోనికి తగులుకుంటాది. మనది మన దిబ్బలోనే ఉండనీ." ఆ పెద్దాయన తల ఆడించలేదు గానీ, లేచి పోనూ లేదు.

మర్నాడు తెల్లారగానే తాతయ్య, చిన్నాయన చెరో గంప, చీపురు తీసుకుని రోడ్డెక్కారు. బళ్లారి నుంచి వచ్చీపోయే లారీలవాళ్లు ఊరి మొగదలలో కొట్టిన కాయలు అక్కడక్కడా ఉన్నాయి. నేను వెనకే పోయాను. వాళ్లు ఊడుస్తుంటే గుజ్జు పోయింది గానీ జిగురు తారుకు అలాగే అంటుకుని ఉంది. దాన్ని ఏం చేయాలో తెలియక ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు. అప్పుడు పక్కింటి అక్క ఇంట్లోంచి వచ్చింది. చేటలో పొయ్యి బూడిద ఉంది. ఆ జిగురు మీద బూడిద చల్లి, పాదంతో రుద్దింది. అక్కడ ఇక కాలు జారలేదు. ఆమె ముందుకు నడుస్తూ, చల్లుతూ, మా ఇంటి ముందుకు వచ్చి ఒక్క క్షణం ఆగింది. అక్కడ ఈసారి ఏమీ లేదు. అయినా గుప్పెడు బూడిద అక్కడ కూడా చల్లింది. తర్వాత ఇంకాస్త అవతలికి చూసి, తల తిప్పకుండానే పిలిచింది.

"అన్నా, ఈడ గూడ ఉండాది, సూడు."

చిన్నాయన గంప తీసుకుని అటు పోయాడు. ఆయన నడిచింది మెల్లగానే గానీ, నాకు పరిగెత్తినట్టే అనిపించింది.

వాళ్లెవరూ ఇప్పుడు లేరు. నేను బళ్లారిలో మనవడి దగ్గర ఉంటున్నాను. ఆయుధ పూజ మర్నాడు మా వీధిలో కార్ల ముందు, మోటారు సైకిళ్ల ముందు కాయలు పగిలి ఉంటాయి. నేను చీపురు పట్టుకుని కిందికి దిగుతాను. ముసలామెకు దిష్టి అంటే కూడా భయం లేదని పక్కవాళ్లు అనుకుంటారు. అనుకోనీ. పొయ్యిలు లేవు కాబట్టి బూడిద దొరకదు, కుండీల్లోంచి ఇంత మట్టి తీసి చల్లి వస్తాను. ఇదొక్కటే అయితే ముసలితనపు చాదస్తం అనుకోవచ్చు.

ఇంకొకటి ఉంది, అది నా చేతుల్లో లేదు. నా మనవడు నన్ను కారులో ఎక్కించుకుని పోతుంటాడు. ముందర అంచున ఒక సైకిలు కనపడుతుంది. మనవడి చెయ్యి హారన్ మీదకు పోతుంది. వాడికి నేను ఏమీ చెప్పను, చెప్పే లోపలే నా రెండు చేతులూ వాటంతటవే కొంగు ఎత్తి పట్టుకుంటాయి, దొర్లి వచ్చేవి ఏవో అందులో వేసుకోవాలన్నట్టు. వాడు అది చూస్తాడు. ఎందుకని ఒకే ఒక్కసారి అడిగాడు. ఇదంతా చెప్పాను. అప్పటి నుంచి సైకిలు కనపడితే వాడి చెయ్యి హారన్ దాకా పోయి ఆగుతుంది, కాలు బ్రేకు మీదకు పోతుంది. సైకిలు మనిషి వెనక్కి తిరిగి చూడకుండానే, తన దారిన తాను తొక్కుకుంటూ పోతాడు. ఆ వీపు కనుమరుగయ్యాక నేను కొంగు వదులుతాను.